నికిప్పే రాతి కింది సగం

ప్రతి ఏడూ జనవరి మొదటి వారంలో మెల్పో స్కియాదా ఒక ఉత్తరం రాసేది. ఉత్తరం ఎప్పుడూ ఒకటే. అనెమూసా దీవిలో 1978 వేసవి తవ్వకంలో బయటపడ్డ 214వ నంబరు రాయిని చదవడానికి అనుమతి ఇప్పించమని. నెలాఖరుకల్లా దీవి నుంచి పోస్టుకార్డు వచ్చేది. దాని మీద రెండు మాటలు: "అధ్యయనంలో ఉంది." కింద అరిస్తీదిస్ వలవానిస్ సంతకం.

అలాంటివి ముప్ఫైతొమ్మిది కార్డులు పోగయ్యాయి. వాటికి రబ్బరు బ్యాండు వేసి బల్ల సొరుగులో పెట్టుకుంది. బ్యాండు ఆరుసార్లు తెగితే ఆరుసార్లు మార్చింది. 2018లో వచ్చిన నలభయ్యో కార్డు మీద చేతిరాత వేరు. మాటలూ వేరు. "ఆగస్టులో రా. బ్రష్ తెచ్చుకో."

మెల్పో ఉత్తరాదిన ఒక విశ్వవిద్యాలయంలో ప్రాచీన మతాలు, శాసనాలు చెప్పే ప్రొఫెసరు. వయసు అరవై ఏడు. ఆగస్టు ముప్ఫై ఒకటిన రిటైరవుతుంది. కార్డు అందిన రోజు డిపార్టుమెంటులో ఎవరికీ చెప్పలేదు. క్లాసుకి వెళ్ళి, పాతాళపు రాజు ఎత్తుకుపోయిన కూతురి కోసం దెమెత్రా దేవత కాగడాలు పట్టుకుని తొమ్మిది రోజులు తిరిగిన కథ చెప్పింది. ఏటా చెప్పే పాఠమే. 



గ్రీసులో నేలలోంచి తీసింది ఏదైనా ప్రభుత్వానిదే. కానీ దాన్ని మొదట చదివి అచ్చు వేసే హక్కు తవ్వినవాడిది. అతను వేసేదాకా, లేదా పోయేదాకా, ఇంకొకరు దాని జోలికి వెళ్ళరు. చట్టంలో గడువులు వచ్చాయి గానీ, దీవుల్లో చట్టం కన్నా మొహమాటం గట్టిది.

రాయి రెండు ముక్కలు. పై సగం దొరికింది మెల్పోకే. 1977లో వలవానిస్ ఆ దీవిలో పురావస్తు అధికారి. దెమెత్రా గుడి తవ్విస్తున్నాడు. మెల్పో పరిశోధన చేస్తూ ఆయన కింద గుంటలో పనిచేసేది. ఒక ఆదివారం సెలవు పూట సెయింట్ మరీనా చాపెల్ అనే చిన్న చర్చి దాకా నడిచి వెళ్ళింది. గుమ్మానికి వేసిన పాత గుడి రాయి మీద అక్షరాలు కనపడ్డాయి. చాపెల్ తవ్వకం కంచెకి అరవై అడుగుల అవతల ఉంది కాబట్టి ఆ రాయి వలవానిస్ హక్కులోకి రాదు. ఏథెన్సులో ఉన్న ఆమె గురువు అనుమతి తెప్పించాడు. మెల్పో దాన్ని చదివి వ్యాసం వేసింది. నియమం ప్రకారం అంతా సరిగ్గానే ఉంది. వలవానిస్ మాత్రం, "నా తవ్వకంలో రొట్టె తిని నా పక్క గుమ్మంలో రాయి ఎత్తుకుపోయింది," అన్నాడని తర్వాత తెలిసింది.

పై సగంలో అయిదు వరుసలున్నాయి. "తిమోన్ కూతురు నికిప్పే దెమెత్రాకు దీన్ని పెట్టింది, తన బిడ్డ." అక్కడ రాయి విరిగింది. మెల్పో ఆ ఖాళీలో ఒక మాట నింపింది: "దక్కినందుకు." రాతి మీద లేని మాటను చదరపు బ్రాకెట్లలో పెట్టాలి. అది ఆ వృత్తిలో అందరూ పాటించే నియమం. ఆమె పెట్టింది. తర్వాతి వాళ్ళు తీసేశారు. మొదట ఒక జర్మన్ పుస్తకం బ్రాకెట్లు లేకుండా వేసింది. దాన్ని చూసి ఇంగ్లీషు పుస్తకం వేసింది. ఆ రెండిటినీ చూసి ఏథెన్సులో బడిపిల్లల పాఠ్యపుస్తకం వేసింది. ఆ వ్యాసం మీదే మెల్పోకి జర్మనీలో చదువు దొరికింది, ఉద్యోగం దొరికింది, ప్రొఫెసరు పదవి దొరికింది. ఆమె శిష్యురాలు థెక్లా, బిడ్డలు దక్కిన తల్లులు దేవతలకు చెల్లించిన మొక్కుల మీద నాలుగు వందల పేజీలు రాసి క్రీటులో లెక్చరరయింది.

మెల్పోకి మాత్రం బ్రాకెట్లు గుర్తున్నాయి.

వ్యాసం వచ్చిన మరుసటి ఏడు, కంచె లోపల, బావి గోడలో కింది సగం దొరికింది. ఆ ఏడు ఆమెను తవ్వకానికి పిలవలేదు. ఒక కూలీ చెబితే తెలిసింది. ఆ తర్వాత సెలవుల మిషతో రెండుసార్లు దీవికి వెళ్ళింది. మ్యూజియం హాల్లో పై సగం ముందు నిలబడింది. కింది సగం ఆ హాలు కింద గిడ్డంగిలో ఉంది. మధ్యలో నేల, జానెడు మందం. రెండుసార్లూ పడవ వేళ దాకా నిలబడి తిరిగి వచ్చింది.

గిన్నెలు కడుగుతున్నప్పుడు, బస్సులో కూర్చున్నప్పుడు, పరీక్ష గదిలో పహరా తిరుగుతున్నప్పుడు అదే ఆలోచన. ఆ బిడ్డ దక్కిందా?

*

ఆగస్టు ఇరవై ఏడు, సోమవారం, పడవ నలభై నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. రేవులో ఒక పికప్ బండి ముందు నడివయసు మనిషి నిలబడి ఉంది. మ్యూజియం తాళాలు ఆమె నడుముకి వేలాడుతున్నాయి. పేరు గరిఫలియా. వలవానిస్‌కి అన్న కూతురు. మ్యూజియం కాపలా ఆమెదే.

"ప్రొఫెసరమ్మవి నువ్వేనా? ఫొటోలో ఇంకా పొడుగ్గా ఉన్నావే."

"ఫొటోలో కూర్చుని ఉన్నాను."

"అదీ నిజమే. ఎక్కు. బాబాయ్ పొద్దున్న అయిదింటికే లేచాడు. గడ్డం గీయించుకున్నాడు, కోటు వేయమన్నాడు. ఈ ఎండలో కోటు! పెళ్ళికొడుకులా ఉన్నాడు. చూసి నవ్వకు." బండి తిప్పుతూ అంది, "నువ్వు నవ్వినా ఆయనకి కనపడదులే. చూపు పోయి ఏడాది దాటింది. ఆ కార్డు నేనే రాశా. బ్రష్ ఎందుకు బాబాయ్, గోడలకి సున్నం వేయిస్తావా అనడిగా."

"ఇన్నాళ్ళూ ఎందుకు ఇవ్వలేదో ఎప్పుడైనా చెప్పాడా?"

"నాకా? నాకేం చెప్తాడు? నువ్వు రాసే ఉత్తరం మాత్రం జనవరి పదో తారీఖుకి రాకపోతే రోజుకి రెండుసార్లు నన్ను పోస్టాఫీసుకి తరుముతాడు. ఒక ఏడు పడవల సమ్మె అయింది చూడూ, నా కాళ్ళరిగాయి."

వలవానిస్ గిడ్డంగిలో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. కోటు గుండీలన్నీ పెట్టుకున్నాడు. ఎనభై ఎనిమిదేళ్ళు. మెల్పో అడుగుల చప్పుడు మెట్ల మీద వినగానే తల ఎత్తాడు.

"వచ్చావా అమ్మాయ్."

"వచ్చాను సార్."

"ఎన్నేళ్ళు?"

"నలభై."

"అది కాదు. నీకెన్నేళ్ళు?"

"అరవై ఏడు."

"పెద్దదానివయ్యావు," అన్నాడు. "కూర్చో. ఒద్దు, కూర్చోకు. చూడాలని ఉంటుంది నీకు. గరిఫలియా, పెట్టె దించు."

పెట్టె మీద చీటీ అతికించి ఉంది. 214. రాయి. బావి, ఉత్తరపు గోడ. అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి. మెల్పో ఆ చేతిరాత గుర్తుపట్టింది. వలవానిస్ భార్య లూకియాది. తవ్వకంలో దొరికినవాటికి బొమ్మలు గీసేది ఆవిడే. 1979 చలికాలంలో పోయింది. చీటీ కింద మడతపెట్టిన కాగితం ఉంది. రాయి అంచులు పెన్సిలుతో గీసి ఉన్నాయి. లోపల ఏమీ లేదు.

మెల్పో కాగితాన్ని మళ్ళీ మడతపెట్టింది. పెట్టి ఉన్న చోటే పెట్టింది.

"ఉందా, లూకియా గీసింది?" అన్నాడు వలవానిస్.

"ఉంది సార్."

ఆయన తలాడించాడు. "రాయి తేలిన రోజు మూడు అక్షరాలు కనపడ్డాయి. మిగతాదంతా సున్నపు పొర. శుభ్రం చేసే మనిషిని పంపమని ఏథెన్సుకి రాశాను. పంపారు. ఎప్పుడనుకున్నావు? పోయిన మే నెలలో!"

"బాబాయ్," అంది గరిఫలియా, "నువ్వు రాసింది పోయిన మార్చిలో."

"అదే అంటున్నా."

"నలభై ఏళ్ళు ఆలోచించి రాశావు."

"నువ్వు నోరు మూసుకుని ఆ కిటికీ మూయి."

శుభ్రం చేసిన మనిషికి రాయి తెలుసు గానీ అక్షరాలు తెలియవు. అంటే దాన్ని ఇంతవరకూ ఎవరూ చదవలేదు. మెల్పో కళ్ళజోడు తుడుచుకుంది. కిటికీ మూశాక టార్చి తీసి రాయి పక్కగా, బల్లకి ఆనించి పట్టుకుంది. ఎదురుగా వెలుగు పడితే అరిగిన అక్షరం కనపడదు. పక్క నుంచి పడితే గీతలో నీడ నిలుస్తుంది. ఆమె టార్చిని వేలెడు వేలెడు జరిపింది. మొదటి వరుస చదివింది. రెండో వరుస చదివింది. మూడో వరుస సగంలో రాయి మళ్ళీ విరిగి ఉంది.

టార్చి ఆర్పింది. 

"ఏముంది?" అన్నాడు వలవానిస్.

"కాగితం మీద అచ్చు తీశాక చెప్తాను సార్."

"చెప్పడానికి భయమా?"

"మీ వేళ్ళు బాగున్నాయా?"

"వేళ్ళకేం?"

"అయితే ఆగండి."

ఇద్దరు ఆడవాళ్ళూ రాయిని తోపుడు బండి మీదికి ఎక్కించి పెరట్లోకి తోశారు. మెల్పో స్పంజితో రాయి తడిపింది. దళసరి కాగితం పరిచింది. దాన్నీ తడిపి, బ్రష్‌తో మధ్య నుంచి అంచులకి కొట్టుకుంటూ పోయింది. గాలి బుడగ మిగిలితే అక్కడ అక్షరం పోతుంది. నలభై అయిదేళ్ళుగా చేస్తున్న పని. చేయి తనంతట తాను కొట్టింది. కాగితం గీతల్లోకి దిగింది. ఇక ఆరాలి. వేసవిలో దీవుల మీద వీచే మెల్తేమి గాలి గట్టిగా ఉంది కాబట్టి గంటన్నర చాలు. కాగితం లేవకుండా నాలుగు మూలలా గులకరాళ్ళు పెట్టింది.

గరిఫలియా కాల్చిన శనగలు, కేపర్ మొగ్గల ఊరగాయ, రొట్టె తెచ్చి ద్రాక్ష పందిరి కింద పెట్టింది. వలవానిస్ తిన్నాడు. మెల్పో రొట్టె తుంచి, తుంచిన ముక్కని చేతిలోనే పట్టుకుని కూర్చుంది.

"తిను ప్రొఫెసరమ్మా. ఆ కాగితం నువ్వు చూస్తే తొందరగా ఆరుతుందా?"

"చూడట్లేదు."

"చూడట్లేదంట. పొద్దున్న నుంచి నీ మొహం పండగనాడు మా గుడిలో వరసలో నిలబడ్డోళ్ళలా ఉంది." గరిఫలియా తనూ కూర్చుంది. "ఈ పదిహేనో తారీఖు పనగియా మరియ తల్లి పండక్కి నేనూ నిలబడ్డా. రేకు కట్టొచ్చా. మూడోది."

మెల్పో ఆమె వైపు తిరిగింది. పటం ముందు తీగకి వేలాడే రేకులు ఆమెకి తెలుసు. కాలు బాగుపడాలంటే కాలు బొమ్మ, కన్ను కోసం కన్ను, మనిషి కోసం మనిషి. వాటి మీద ఒక అధ్యాయమే రాసింది.

"ఏ రేకు?"

"ఆడమనిషి. మా చెల్లెలు స్తమాతా. పదకొండేళ్ళయింది నాతో మాట్లాడి. నాన్న పోయాక అంజూరపు చెట్టు ఎవరిదని గొడవ. పక్క వీధే. మా బాల్కనీలోంచి దాని బట్టలు ఆరేసినవి కనపడతాయి. ఏ రోజు ఏ దుప్పటి ఉతికిందో చెప్పగలను."

"మాట్లాడుతోందా ఇప్పుడు?"

"మాట్లాడితే మూడోది ఎందుకు కడతా? అయ్యాక కట్టేది మొక్కు తీర్చుకోవడం. అవకముందు కట్టేది ముడుపు. పుస్తకాలు రాశావంట, ఇది తెలీదా నీకు?"

"తెలుసు," అంది మెల్పో. "రెండూ ఉంటాయని తెలుసు. అప్పుడూ తెలుసు."

"మరి?"

మెల్పో చేతిలో రొట్టె ముక్కని పళ్ళెంలో పెట్టింది. "ఇరవై ఆరేళ్ళప్పుడు, ఆ బిడ్డ దక్కాలనిపించింది."

వలవానిస్ నమలడం ఆపాడు. ఆమె ఉన్న వైపుకి తల తిప్పి, మళ్ళీ పళ్ళెం మీదికి వంగాడు.

*

మూడింటికి కాగితం ఆరింది. మెల్పో ఒక మూల నుంచి మెల్లగా లేపింది. చిరగలేదు. రాతి వైపున్న ముఖాన అక్షరాలు ఉబ్బెత్తుగా, అద్దంలోలా తిరగబడి ఉన్నాయి. కాగితాన్ని వలవానిస్ ఒడిలో పలక మీద పరిచింది. ఆయన కుడిచేతి చూపుడు వేలు పట్టుకుని మొదటి వరుస కుడి కొస మీద పెట్టింది.

"ఇక్కణ్ణుంచి. ఎడమకి."

"నాకు నేర్పకు," అన్నాడు.

వేలు కదిలింది. ఒక అక్షరం మీద ఆగి, దాని కాళ్ళు వెతికి, ముందుకి పోయింది. పెదాలు ఆడాయి. గరిఫలియా గిన్నెలు తీయబోయి ఆగింది.

"కనపడాలని," అన్నాడు వలవానిస్. వేలు వెనక్కి పోయి మళ్ళీ వచ్చింది. "తన బిడ్డ కనపడాలని. అవునా?"

"అవును సార్."

"దక్కినందుకు కాదు."

"కాదు."

రెండో వరుస. ఈసారి తొందరగా చదివాడు. "మూడోసారి పెట్టింది." వేలు అక్కడే ఉంది. "మూడోసారి."

"అవును."

మూడో వరుస. "తల్లీ, నువ్వు కూడా." ఆ తర్వాత వేలు కాగితం మీద నున్నటి చోటికి జారింది. అక్కడ తడిమాడు. పైకీ కిందికీ తడిమాడు. "తర్వాత?"

"విరిగింది సార్."

"ఏమీ లేదా? ఒక గీత, ఒక కొస?"

"ఏమీ లేదు."

ఆయన చెయ్యి తీయలేదు. "నువ్వు తప్పయితే నవ్వాలనుకున్నాను," అన్నాడు. "నేను వేద్దామనుకున్నాను పత్రికలో. స్కియాదా తప్పు చదివింది అని. ఏటా చలికాలం వస్తే కూర్చుని రాద్దామనుకునేవాణ్ణి. పెట్టె దాకా వెళ్ళేవాణ్ణి."

"ఇప్పుడు నవ్వండి."

"ఏడిశావు."

గరిఫలియా దగ్గరికి వచ్చింది. "అంటే? బిడ్డ రాలేదా?"

"మూడోసారి పెట్టేనాటికి రాలేదు," అంది మెల్పో.

"ఆ తర్వాత?"

"తెలీదు."

"తెలీదంటే ఎలా? ఇరవై రెండేళ్ళుగా వచ్చిన ప్రతివాడికీ దక్కిందని చెప్తున్నానే! మొన్న బస్సునిండా నర్సులొచ్చారు. దక్కిందంటే అందులో ఒకావిడ కళ్ళు తుడుచుకుంది. బోర్డు మీద కూడా అదే రాసి ఉంది."

"బోర్డు మార్చాలి."

"ఏమని?"

మెల్పో సంచిలోంచి నోటుపుస్తకం, పెన్సిలు తీసింది. పై సగంలోని అయిదు వరుసలు గుర్తు నుంచే రాసింది. వాటి కింద మిగతావి.  ఒక మాట మీద కట్టుకున్నదంతా ఆ మాటతో పాటు పోతుందని ఆమె చాలా ఏళ్ళు భయపడింది. థెక్లాకి ఫోన్ చేయాలి. జర్మనీలో ఇద్దరికి రాయాలి. తన వ్యాసాన్ని తనే తప్పని వేయాలి, శుక్రవారం రిటైరయ్యాక, పేరు కింద విశ్వవిద్యాలయం లేకుండా. అవన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. వాటి వెనక నికిప్పే ఉంది. గుట్ట మీదికి మూడోసారి రాయి మోయించుకుని ఎక్కుతోంది.

"తల్లీ, నువ్వు కూడా" దగ్గర పెన్సిలు ఆగింది.

"నింపు," అన్నాడు వలవానిస్. పెన్సిలు చప్పుడు ఆగడం విన్నాడు. "అక్కడ ఏం పడుతుందో నీకు తెలుసు. నాకూ తెలుసు. దెమెత్రా ఎవర్ని వెతికిందో బడిపిల్లలకి కూడా తెలుసు."

"నాక్కూడా తెలిసింది," అంది గరిఫలియా.

"ఆ ఇరుకు జాగాలో ఎన్ని అక్షరాలు పడతాయో కూడా లెక్కపెట్టి చెప్తాను. నింపు. అప్పుడు నింపావుగా."

మెల్పో చదరపు బ్రాకెట్ తెరిచింది. లోపల, పోయిన అక్షరాలకి గుర్తుగా, మూడు చిన్న గీతలు గీసింది. బ్రాకెట్ మూసింది.

"ఏం పెట్టావు?"

"ఏమీ పెట్టలేదు."

వలవానిస్ అచ్చు మీంచి చెయ్యి తీశాడు. గాలికి పందిరి ఆకులు కదిలాయి. "సరే," అన్నాడు. "కాగితం తెచ్చావా, అనుమతిది?"

తెచ్చింది. నలభై ఏళ్ళుగా ఏటా కొత్తగా టైపు చేసి పెట్టుకున్నదే. ఆయన వేలు తీసుకెళ్ళి గీత మీద పెట్టింది. ఆయన సంతకం గీత దాటి తేదీ మీద పడింది. గరిఫలియా తొంగి చూసి, "పోస్టుకార్డు మీద ఇంతకన్నా బాగా పెట్టేవాడివి," అంది.

"అయితే ఇక జనవరిలో ఉత్తరం లేదన్నమాట," అన్నాడు వలవానిస్. మాట ఎవరితోనో అన్నట్టు అన్నాడు.

మెల్పో కాగితం అచ్చును గొట్టంలా చుట్టి దారం కట్టింది. "రాస్తాను సార్."

"ఏముంది ఇంక అడగడానికి?"

"దీని కింద ఇంకో ముక్క ఉంది కదా. బావిలో లేదంటే గోడల్లో ఎక్కడో ఉండాలి. పై సగం చాపెల్ గుమ్మంలో దొరికింది. మిగతా చాపెళ్ళ గోడలు ఎవరైనా చూశారా?"

"దీవిలో డెబ్భై మూడు చాపెళ్ళున్నాయి అమ్మాయ్."

"నాకు శుక్రవారం తర్వాత పనేమీ లేదు."

"అన్నిటి తాళాలూ నా దగ్గర లేవు," అంది గరిఫలియా. "కొన్ని తాళాలు పూజారుల దగ్గరుంటాయి. సెయింట్ మరీనాది, ఆ పక్క రెండిటివి..." ఆగింది. "అవి స్తమాతా దగ్గరున్నాయి. ఈ ఏడు వాటిని చూసుకునే వంతు దానిది."

 గరిఫలియా ఏప్రన్‌కి చేతులు తుడుచుకుంది. అప్పటికే తుడుచుకున్న చేతులే.

"నువ్వెళ్ళి అడుగు," అంది మెల్పోతో. "నీకిస్తుంది."

"నాకు ఇల్లు తెలీదు."

గరిఫలియా గోడ అవతల వీధి వైపు చూసింది. తర్వాత ఏప్రన్ విప్పి కుర్చీ మీద వేసింది.

"వీధి మూల దాకా వస్తా," అంది. "మూల దాకే."